అత్తరు తగిలిన బిళ్ళ

మహబూబున్నీసా ఇంట్లోంచి బయటికి వెళ్ళడం ఎవరికీ అంత సులువు కాదు. చెప్పులు వేసుకున్నాక గుమ్మంలో ఒకసారి ఆగాలి. ఆవిడ వచ్చి పెదవుల్లోనే ఏదో చదివి మొహం మీద మెల్లగా ఊదుతుంది. చిన్న సీసాలోంచి అత్తరు తీసి మణికట్టుకి రాస్తుంది. అప్పుడు గానీ గడప దాటనివ్వదు. పాల ప్యాకెట్టుకి సందు చివరికి వెళ్ళేవాళ్ళకీ అదే మర్యాద, హజ్‌కి వెళ్ళేవాళ్ళకీ అదే మర్యాద. ఒకసారి గ్యాసు బండ మోసుకొచ్చిన మనిషికి కూడా రాసేసింది. అతను చెయ్యి వాసన చూసుకుని, "ఇంటికెల్తే మాయావిడ అడుగుతాదమ్మా, ఎక్కడికెల్లొచ్చినావని," అని గోలపెట్టాడు.

ఈ అలవాటుకి కారణం ఉంది. ఆవిడ భర్త ఓడల మీద వంటమేస్త్రీ. సముద్రం మీదికి వెళ్ళిన ప్రతిసారీ అత్తరు రాయించుకునే వెళ్ళాడు, ఒక్కసారి తప్ప. ఆ రోజు సీసా మూత బిగుసుకుపోయింది. పళ్ళతో లాగింది, తలుపు సందులో పెట్టి తిప్పింది, ఊడి రాలేదు. "వచ్చాక రాద్దువులే" అని ఆయన నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఓడ తిరిగొచ్చింది గానీ ఆయన రాలేదు. అప్పటినుంచి ఆవిడ ఏ సీసా మూతా గట్టిగా బిగించదు. అందుకని అలమారాలోని బట్టలు, దిండ్లు, ఆఖరికి కారప్పొడి డబ్బా కూడా గంధం అత్తరు కొడుతూ ఉంటాయి.

ఇల్లు వన్‌టౌన్లో, కురుపాం మార్కెట్ వెనక సందులో. కింద కొడుకు షరీఫ్ అత్తరు దుకాణం, పైన కాపురం. కోడలు పోయి చాలా కాలమైంది. షరీఫ్ కూతురు గజాలా నాయనమ్మని దాదీ అని పిలుస్తూ ఆవిడ చేతి మీదే పెరిగింది. ఆ పిల్ల ఇప్పుడు గాజువాక అవతల ఒక చిన్న కంపెనీలో రేడియేషన్‌ని కనిపెట్టే పరికరాలు తయారుచేస్తోంది. చేరిన రోజే ఇంటికొచ్చి ఒక కొత్త చట్టం ప్రకటించింది.

"దాదీ, ఇక నుంచి నాకు అత్తరు రాయకు. మా ల్యాబులోకి అత్తరు, పౌడరు, సుర్మా ఏవీ రాకూడదు."

"అత్తరమ్మి సదివించిన పిల్లకి అత్తరు రాయకూడదేటి!"

"ఊదుకో, కావలిస్తే రెండుసార్లు ఊదు. రాయడం మాత్రం వద్దు."

మహబూబున్నీసా సరేనంది. అంత తొందరగా సరేనన్నప్పుడే గజాలా అనుమానించాల్సింది. ఆ పిల్ల మెళ్ళో నల్ల తాడుతో ఒక ఐడీ కార్డు వేసుకుని వెళుతుంది. ఇంటికొచ్చాక దాన్ని గోడ మేకుకి తగిలిస్తుంది. తెల్లవారి నమాజు కాగానే మహబూబున్నీసా పిల్లి అడుగులతో వెళ్ళి, పీటెక్కి ఆ కార్డు మీద ఒక్క చుక్క వేసి, కొంగుతో అటూ ఇటూ అద్ది వచ్చేసేది. చేతికి రాయొద్దంది గానీ కార్డుకి రాయొద్దనలేదు కదా అని తనకి తానే చెప్పుకుంది.

ఎవరూ కనిపెట్టలేదు. పుట్టినప్పటినుంచి అత్తర్ల మధ్య బతికిన ఆ ఇంటి ముక్కులకి అత్తరు వాసన ఎప్పుడో తెలియకుండా పోయింది. షరీఫ్ అయితే బేరానికొచ్చిన వాళ్ళ మొహాలు చూసి ఏది మంచి సరుకో చెప్పేవాడు. ల్యాబులో అందరి ముక్కులకీ మాస్కులే.

ఇలా వేసవి గడిచింది. ఓ ఆదివారం మధ్యాహ్నం గజాలా కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది.

"ఏటే, తినవేటి? రొయ్యల్లో ఉప్పెక్కువైనాదా?"

"కూర బాగుంది దాదీ. నా బిళ్ళే బాగోలేదు."

ఆ బిళ్ళ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. విదేశాలనుంచి ఓడల్లో పాత ఇనుము వస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆ తుక్కులో ఏ ఆసుపత్రి పాత యంత్రంలోదో రేడియేషన్ ముక్క కలిసి వచ్చేస్తుంది. అది చూసుకోకుండా కరిగిస్తే కొత్త ఇనుమంతా పాడు, కరిగించే మనుషులకీ ముప్పు. అందుకని తుక్కు లారీలు పోర్టు గేటు దాటేటప్పుడే కనిపెట్టాలి. కనిపెట్టేది వేలి గోరంత సెమీకండక్టర్ బిళ్ళ. దానికి వోల్టేజీ పెట్టి ఉంచితే, రేడియేషన్ తగిలినప్పుడల్లా చిటుక్కుమని కాస్త కరెంటు ఇస్తుంది. ఆ చిటుకులు లెక్కపెడతారు.

"ఏమీ తగలనప్పుడు అది కిక్కురుమనకూడదు దాదీ. నాది ఊరికే కరెంటు కార్చేస్తోంది. లీకేజీ అంటాం. ఆ గోలలో అసలు చిటుకు వచ్చినా తెలీదు."

"కుళాయి కారతా ఉంటే గుమ్మంలో పిలిసినోళ్ళ గొంతు ఇనబడనట్టు."

"సరిగ్గా అదే. ఈ కరెంటు ఎక్కువగా అంచుల దగ్గర పుట్టి, బిళ్ళ పైనుంచి పాక్కుంటూ మధ్యలోకి వస్తుంది. అందుకే మధ్య భాగం చుట్టూ గార్డ్ రింగ్ అని ఒక వలయం పెట్టాను. పాకి వచ్చేదాన్ని అది పట్టేసి పక్కకి పంపేయాలి."

"ఇంటి సుట్టూ కాలవ తవ్వినట్టు."

"ఆ, కాలవ తవ్వినా ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయి! మా సారు శ్రీరామ్మూర్తి గారు డిజైనే తప్పంటున్నారు. తయారై వచ్చినప్పుడు బిళ్ళ బాగానే ఉంటుంది. నేను ముట్టుకున్నాకే పాడవుతోంది. పైన ఏదో జిడ్డు పొర, దానికి మన సముద్రపు తేమ అంటుకుంటోంది. నాది చెడ్డ చెయ్యని అందరూ నవ్వుతున్నారు."

"సేతులు సబ్బెట్టి కడుక్కోలేవేటే?"

"కడుక్కుంటాను, గ్లవ్స్ తొడుక్కుంటాను, కార్డు పట్టుకుని లోపలి తలుపుకి చూపిస్తే తెరుచుకుంటుంది, వెళ్ళి పట్టకారు తీసుకుని..."

మహబూబున్నీసా చేతిలోని ముద్ద గాల్లోనే ఆగిపోయింది.

"ఏ కార్డే?"

"అదే, మెళ్ళోది."

ఆవిడకి కార్డు మీంచి గ్లవ్‌కి, గ్లవ్ మీంచి పట్టకారుకి, పట్టకారు మీంచి బిళ్ళకి అత్తరు నడిచి వెళ్ళిన దారంతా కళ్ళకి కట్టింది. ఇదిగో చెప్పేద్దామని నోరు తెరిచింది.

"పోనీలే," అంది గజాలా, "ఇది నెగ్గితే బెంగుళూరు వెళ్ళాలి. ఆ గొడవ తప్పుతుంది."

"ఏ బెంగుళూరు?"

"అక్కడి ఫ్యాక్టరీలో వందల కొద్దీ చేయిస్తారు. డిజైన్ చేసినవాళ్ళు ఏడాదిపాటు దగ్గరుండి చూసుకోవాలి. నాకు వెళ్ళాలనే ఉంది దాదీ, కానీ ఈ లీకేజీతో పోర్టు వాళ్ళ పరీక్ష నెగ్గేది కల్ల."

నోటిదాకా వచ్చిన మాటని మహబూబున్నీసా రొయ్యతో పాటు మింగేసింది. "అంతా అల్లా దయ," అని కన్నకూతురంత ముద్దుగా చూసుకునే మనవరాలి కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

మర్నాడు తెల్లవారి కార్డు మీద రెండు చుక్కలు పడ్డాయి.

ఆ తర్వాత ఆవిడ బతుకు ఒక దొంగ బతుకైపోయింది. సాయంత్రం గజాలా మొహం వేలాడేసుకుని వస్తే ప్రాణం ఉసూరుమనేది. రేపు మానేద్దాం అనుకునేది. తెల్లవారేసరికి రైలు కూత ఎక్కడో వినిపించేది, భయం వచ్చి జాలిని గెంటేసేది. గంధం సరిపోదేమోనని గులాబి కలిపింది. గులాబి తేలికని ఘాటైన శమామా అత్తరు కలిపింది. కొడుకు దుకాణంలో ఖరీదైన సీసా ఒకటి తరిగిపోతుంటే షరీఫ్ ఎలకల మందు పెట్టాడు.

ఓ పొద్దున్న ఎదురింటి బాల్కనీలోంచి గొంతు వినపడింది.

"ఏటి వదినా, ఆ కార్డుకి పెళ్ళికూతురు ముస్తాబు సేత్తన్నావ్?"

విమలమ్మ. ఆసుపత్రిలో నర్సు పని చేసి రిటైరైన మనిషి. ఆ సందు ఎంత ఇరుకంటే ఒక బాల్కనీలోంచి ఇంకో బాల్కనీలోకి కరివేపాకు అందిస్తారు. మహబూబున్నీసా కార్డుని వెనక్కి దాచుకుంది.

"దుమ్ము తుడుత్తన్నాను విమలా."

"శమామాతోనేటి తుడవడం? ఈడికొచ్చేసినాది వాసన. నిజం సెప్పు."

చెప్పక తప్పలేదు. మొత్తం విని విమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"పిల్ల ఎల్లకుండా గవర్నమెంటు పోర్టు పనే ఆపేత్తన్నావా తల్లీ! గజాలాకి సెప్పీనా?"

"నీకు దండం ఎడతాను, సెప్పకు."

"పండగ కానప్పుడు షీర్ ఖుర్మా సెయ్యవు కదా నువ్వు?"

"సేత్తాను."

"బాదంపప్పు ఎక్కువెయ్యి."

పాలు, సేమియా పోసి షీర్ ఖుర్మా వండిన సాయంత్రం వాన పట్టుకుంది. విమలమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "అబ్బ, నెయ్యి వాసన వీధి చివరిదాకా కొట్టేత్తంది," అని మెచ్చుకుంటూ తింటోంది. అంతలో గజాలా తడిసి ముద్దయి వచ్చింది. మెళ్ళో కార్డు తీసి బల్ల మీద పెట్టబోయి ఆగిపోయింది. వాన నీళ్ళు కార్డు మీద పరుచుకోలేదు. నూనె రాసిన చోట నిలిచినట్టు పూసల్లా గుండ్రంగా నిలబడి, కొంచెం వంచితే జారిపోతున్నాయి.

గజాలా కార్డుని వాసన చూసింది. ఏమీ తెలియలేదు. తండ్రికిచ్చింది. షరీఫ్ చూసి, "ప్లాస్టిక్కు వాసన," అన్నాడు. అప్పుడు విమలమ్మ ముక్కు దగ్గర పెట్టింది.

"ఆంటీ, మీరు చెప్పండి. ఏం వాసన?"

విమలమ్మ గిన్నెలోకి చూసింది. బాదంపప్పులు చాలానే ఉన్నాయి. "నాకు జలుబమ్మా. ముక్కు మూసుకుపోనాది."

"ఇప్పుడే కదా నెయ్యి వాసన వీధి చివరిదాకా అన్నారు?"

"నెయ్యి వరకే వత్తంది."

గజాలా దాదీ వైపు తిరిగింది. మహబూబున్నీసా అప్పటికే ఏరేసిన బియ్యాన్ని మళ్ళీ చేటలో పోసుకుని శ్రద్ధగా రాళ్ళు ఏరుతోంది. గజాలా ఆ చేట వంక చూసి, వెళ్ళి తల తుడుచుకుంది.

ఆ రోజు నుంచి కార్డు మేకుకి కాకుండా దిగువ బల్ల మీద, అత్తరు సీసాల పక్కనే ఉండసాగింది. మోకాళ్ళ నొప్పితో పీట ఎక్కాల్సిన పని తప్పినందుకు మహబూబున్నీసా అల్లాకి శుక్రియా చెప్పుకుంది.

ఒక్కటే ఆవిడకి అంతుపట్టలేదు. లీకేజీ సంగతి అడిగితే గజాలా మునుపట్లా ఏడుపు మొహం పెట్టడం లేదు. "అబ్బో, విపరీతం దాదీ, ఆకాశాన్నంటింది!" అని చెప్పి రెండు అట్లు ఎక్కువ తినేది. బెంగతో పిల్లకి మతి చలించిందేమోనని ఆవిడకి కొత్త బెంగ పట్టుకుంది.

పోర్టు దగ్గర పరీక్ష రోజు రానే వచ్చింది. ఆ పొద్దున్న బిగించని మూత ఊడి సగం సీసా కార్డు మీద ఒలికిపోయింది. గజాలా వెళ్ళాక నమాజు చాప మీద కూర్చుంది గానీ ఏం అడగాలో తెలియలేదు. నెగ్గాలని అడిగితే పిల్ల పోతుంది. ఓడాలని అడిగితే ఆ పిల్ల కళ్ళు ఎలా చూడాలి? చేతులు చాపి ఊరికే కూర్చుంది. రెండు బొటనవేళ్ళూ శమామాతో నిగనిగలాడుతున్నాయి.

సాయంత్రం గజాలా మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా.

"నెగ్గేశాను దాదీ! లారీ గేటు దాటుతుంటేనే పట్టేసింది. తుక్కు అడుగున పరీక్ష కోసం వాళ్ళు దాచిన ముక్క ఎంత చిన్నదో తెలుసా! అయినా పట్టేసింది!"

"మరి... కారడం?"

"లేనట్టే."

"అదెలాగే? అంత..." అని మహబూబున్నీసా నాలుక కరుచుకుంది.

"అంత ఏంటి దాదీ? అంత అత్తరు రాశాను కదా అనా?"

షరీఫ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. విమలమ్మ ఎదురు బాల్కనీలో ఆరేసిన బట్టల వెనక్కి తప్పుకుంది, కానీ కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి.

గజాలా నేల మీద దాదీ పక్కన కూర్చుంది. "వాన రోజే తెలిసిపోయింది. ముందు చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. ల్యాబులో అంతా అద్దంలా శుభ్రంగా ఉంటే ఏ బిళ్ళయినా బాగానే ఉంటుంది. పోర్టులో ఉప్పు గాలి, డీజిలు పొగ, మెకానిక్కు గ్రీజు చేతులు. మా దాదీ అత్తరుకే తట్టుకోలేని బిళ్ళ అక్కడేం తట్టుకుంటుంది? అందుకని గార్డ్ రింగ్ వెడల్పు చేశాను. దాని అవతల ఇంకోటి పెట్టాను. పైన తేమ దూరకుండా గట్టి పూత వేశాను. అప్పుడు పరీక్షకి జిడ్డు కావాలి. రోజూ రకరకాల జిడ్డు ఎవరు తెచ్చిస్తారు? పాత బిళ్ళకీ కొత్త బిళ్ళకీ నీ అత్తరే పూసి చూసేదాన్ని. పాతది ఆకాశాన్నంటేది. కొత్తది నోరెత్తేది కాదు."

"అందుకేనా కార్డు బల్ల మీద..."

"నీకు మోకాళ్ళ నొప్పి కదా."

"మీ సారుకి సెప్పీసీగల్ను. దొంగ పరీక్షలని సెప్పీసీగల్ను."

"రిపోర్టులో రాసేశాను. గంధం నూనె, గులాబి నూనె, శమామా, పేరుపేరునా. శ్రీరామ్మూర్తి గారు ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. మా ఇంట్లో పెద్ద సైంటిస్టు ఒకావిడ ఉందని చెప్పాను."

షరీఫ్ అప్పుడు ఎలకల మందు గుర్తొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

మహబూబున్నీసా నవ్వలేదు. మిఠాయి ముట్టలేదు. తన చేత్తో తనే తాడు తెంపుకున్నట్టయింది. అత్తరు రాయకపోతే బిళ్ళ ల్యాబులో నెగ్గి, పోర్టులో ఓడి, పిల్ల ఇంట్లోనే ఉండేది. రాసి రాసి, పరీక్ష పెట్టి పెట్టి, తనే బెంగుళూరు పంపిస్తోంది. దండెం మీద బట్టలు ఆరేస్తూ నిలబడిపోయిన ఆవిడని చూసి విమలమ్మ అటునుంచి కదిపింది.

"ఇంకా ఏడుత్తన్నావేటి వదినా? అంత బెంగయితే నువ్వే ఎల్లిపో."

"నానా? అనకాపల్లి దాటి ఎరగను."

"దాటితే ఏటవుతాది? పోలీసులొత్తారా?"

ఆ మాట అన్నది ఊరికే. కానీ మహబూబున్నీసా చేతిలో తడి తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఎందరినో ఆ గుమ్మంలోంచి సాగనంపింది. గుమ్మానికి అవతల నిలబడే మనిషి తనే కావచ్చన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

"విమలా, మీ మనవడు ఆరోన్ ఫోనులో టిక్కెట్లు తీత్తాడు కదా? ఎవలికీ సెప్పడు కదా?"

"బాదంపప్పు ఎక్కువెయ్యాలి మరి."

బెంగుళూరు శివాజీనగర్లో చెల్లెలి కూతురు ఆస్రా ఉంది. ఫోన్ చేస్తే, "రా ఖాలా, మా మేడ మీద గది ఖాళీయే," అంది. గజాలాకి తెలియకుండా, షరీఫ్‌కి తెలియకుండా, ఆవిడ బట్టల సంచీ ఒక్కో చీర చొప్పున ఎదురింటికి చేరింది.

బయల్దేరే మధ్యాహ్నం స్టేషన్‌కి నలుగురూ వెళ్ళారు. విమలమ్మ చంకలో ఓ పెద్ద సంచీ చూసి గజాలా, "ఏంటాంటీ అది?" అంటే, "తిరిగొచ్చీటప్పుడు కూరగాయలు కొనాలమ్మా," అంది. ఖాళీ సంచీ అంత లావుగా ఎందుకుందో అడిగే తీరిక ఎవరికీ లేదు. బండి వచ్చింది. గజాలా సామానుతో పాటు మహబూబున్నీసా కూడా లోపలికెక్కి, కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది.

"దాదీ, ఇక దిగు. కదిలేస్తుంది."

"ఎందుకు దిగాలే?"

"ఎందుకేంటి! ఎక్కడికి వస్తావ్?"

ఆవిడ బురఖా లోపలినుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. గజాలా విప్పి చూసింది. పక్క సీటే. ఆరోన్ పని అంత పక్కాగా ఉంది. అదే సమయానికి విమలమ్మ కూరగాయల సంచీ పెట్టె గుమ్మంలోంచి లోపలికి తోసేసింది.

"హాస్టల్లో ఉంటాను కదా దాదీ!"

"నువ్వు హాస్టల్లోనే ఉండు. నాను ఆస్రా ఇంట్లో ఉంటాను. ఆదివారాలు తిండికి రా. లేపోతే మానీ. నాకేటి."

గజాలా టిక్కెట్టు ఇంకోసారి చూసుకుంది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఈసారి కనిపెట్టలేకపోయింది మరి.

నవ్వు రానిది షరీఫ్‌కే. "అమ్మీ! ఏటిది? బీపీ మాత్రలు తెచ్చుకున్నావా? షుగరువి? అక్కడ చలి... అమ్మీ, దిగీ, వచ్చే నెల నానే తీసుకెల్తాను," అంటుండగా బండి కదిలింది. అతను కిటికీ చువ్వలు పట్టుకుని బండితో పాటు నడిచాడు. "నీళ్ళు తాగుతుండు. ఎవరైనా బిస్కట్లిస్తే తినకు. చేరగానే ఫోన్ చెయ్యి. చేరకముందు కూడా చెయ్యి!" ప్లాట్‌ఫారం అయిపోయేదాకా నడిచి, ఒక్కడే నిలబడిపోయాడు. నడివయసు మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పిల్లాడిలా.

మహబూబున్నీసా ఆ మొహాన్ని కనుమరుగయ్యేదాకా చూసింది. ఇన్నేళ్ళూ తన మొహం అలాగే ఉండేదన్నమాట.

ఇక ఏడుపు వస్తుందని కొంగు సిద్ధం చేసుకుని కూర్చుంది. బండి ఊరు దాటింది. చెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. ఎవరిదో పొలంలో కొంగలు. గాలి మొహానికి చల్లగా తగులుతోంది. దువ్వాడ రాకముందే ఆకలి వేసింది.

"ఏటే గజాలా, ఎల్లేవోళ్ళకి ఇంత తేలిగ్గా ఉంటాదేటే?"

"కొంచెం బాధ కూడా ఉంటుంది దాదీ."

"నాకింకా రానేదు. వత్తే సెప్తాను." కొంతసేపు కిటికీలోంచి చూసింది. "ఇన్నాళ్ళూ ఎల్లినోళ్ళందరి ఏడుపూ నానొక్కదాన్నే ఏడిసీసినాను. ఒక్కళ్ళయినా సెప్పనేదు సూసినావా, ఇటేపు ఇంత బాగుంటాదని! ఆ పులిహోర డబ్బా ఇటియ్యి."

సగం డబ్బా అయ్యేసరికి గజాలా ఫోన్ మోగింది. షరీఫ్.

"ఎత్తకు," అంది మహబూబున్నీసా, వేళ్ళు నాక్కుంటూ. "కాసేపు బెంగపడనీ. మనకేటి."

ఫోన్ మోగుతూనే ఉంది. ఎదురు సీటాయన కూడా చూస్తున్నాడు. అది ఆగిపోతుందేమో అనిపించేసరికి ఆవిడే పులిహోర చేత్తో లాక్కుని చెవికి పెట్టుకుంది.

"ఏరా, అన్నం తిన్నావా?"